అగమెమ్నాన్ నాటకానికి బట్టలు, సెట్: ఆ ఎర్ర గుడ్డ సీన్ ఎలా చేయాలి?

ప్రశ్న

మా స్టూడెంట్ టీమ్ ఈసారి ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రాసిన ‘అగమెమ్నాన్’ వేస్తోంది. బట్టలు, సెట్ రెండూ నా మీదే పడ్డాయి. ఆరు వారాలే టైముంది, కుట్టడం వచ్చినవాళ్లం ఇద్దరమే. అందరికీ తెల్ల దుప్పట్లు చుట్టేసి వెనకాల నాలుగు థర్మాకోల్ స్తంభాలు నిలబెడితే చాలని కొందరంటున్నారు, నాకు మాత్రం మనసొప్పడం లేదు. రాజు అగమెమ్నాన్ ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొచ్చి ఎర్ర గుడ్డ మీద నడుచుకుంటూ లోపలికి వెళ్లే సీన్ చదివినప్పటి నుంచి అదే కళ్లలో మెదులుతోంది. దాన్ని ఎలా చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మాస్కులు పెట్టాలా వద్దా అన్నది కూడా తేలలేదు. చేసినవాళ్లెవరైనా చెప్పండి.

జవాబు 1

స్తంభాలు వదిలేయండి. ఈ నాటకానికి కావలసినవి ఒక తలుపు, ఒక గుడ్డ. క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో మొదటిసారి ఆడినప్పుడు కూడా వెనకాల ‘స్కేనే’ అనే కట్టడం ఉండేది, అదే రాజభవనం. కావలివాడు నాటకం మొదలుపెట్టేది దాని కప్పు మీద నుంచే. అందుకని మనిషి బరువు ఆపే కప్పు, బాగా పెద్ద తలుపు, మీ చెక్కంతా వీటికే పెట్టండి. ఆ గుమ్మం రాజును చంపే రాణి క్లైటెమ్నెస్ట్రాది, ఎవరు లోపలికి వెళ్లాలన్నా ఆమెను దాటే వెళ్లాలి. హత్య మనకు కనబడదు, లోపలి నుంచి రాజు కేక వినిపిస్తుంది, తర్వాత శవాలు కనబడాలి. ఇలాంటి చోట్ల గ్రీకులు ‘ఎక్కిక్లేమా’ అనే చక్రాల బల్లను బయటికి తోసేవారు. మీరూ అదే చేస్తే ముందు గుమ్మం కొలిచి ఆ తర్వాత బల్ల చేయించండి. మేం ముందు బల్ల చేయించుకున్నాం, అది గుమ్మంలో ఇరుక్కుంటే ప్రదర్శన రోజు మధ్యాహ్నం కూర్చుని అంచు కోశాం.

ఇక గుడ్డ. అది సముద్రపు నత్తల నుంచి తీసిన రంగు, వెండితో సమానమైన ఖరీదుదని రాణే అంటుంది. కాబట్టి మెరిసే ఎరుపు వద్దు, ఎండిన రక్తం రంగు కావాలి. శాటిన్ అసలు కొనకండి, కాలు జారుతుంది. ముతక నూలు బట్టను రెండు పన్నాలు కలిపి కుట్టి, అంచుల్లో బరువు పెట్టి, మడతలు పడకుండా కర్రకు చుట్టి దాచండి. పరిచేటప్పుడు గుమ్మం నుంచి రాజు వైపు దొర్లిస్తే ఇంట్లోంచి ఏదో పారుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది. దాని మీద కాలు పెట్టేముందు రాజు చెప్పులు విప్పించుకుంటాడు, అక్కడ తొందరపడకండి. నిజంగా ముడి వేసే తోలు వార్లున్న చెప్పులు చేయించండి. పరిచారిక మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో చుట్టూ విప్పుతున్నంతసేపూ హాలంతా ఆ పాదాన్నే చూస్తుంది.

జవాబు 2

బట్టల గురించి నేను చెబుతాను. తెలుపు అన్నది మనం పాలరాతి విగ్రహాలు చూసి తెచ్చుకున్న అపోహ, నిజానికి ఆ విగ్రహాలకూ ఒకప్పుడు రంగులుండేవి. క్రీ.పూ. 400 ప్రాంతపు ప్రోనోమస్ కలశం (బొమ్మలు వేసిన గ్రీకు కుండ) ఫొటో వెతకండి, దాని మీద నటులు మాస్కులు చేత్తో పట్టుకుని ఉంటారు, వాళ్ల బట్టల నిండా ఎంత పనితనమో చూస్తే తెలుస్తుంది.

కైటాన్‌కి, అంటే గ్రీకులు ఒంటికి చుట్టుకునే పొడవాటి వస్త్రానికి, కత్తిరింపులేమీ అక్కర్లేదు. చేతులు చాచి మోచేతి నుంచి మోచేతికి కొలిచి, దానికి రెండింతలు వెడల్పు తీసుకోండి. పొడవు భుజం నుంచి నేల దాకా, నడుం దగ్గర పైకి లాగి వదలడానికి ఇంకో జానెడు. భుజాల మీద పిన్నులు, నడుముకి తాడు. బట్ట బరువుగా ఉంటేనే కుచ్చిళ్లు నిలువుగా దిగుతాయి, పల్చటి దుప్పటి గుడ్డ ఉబ్బిపోతుంది. కోరస్ (కలిసి పాడుతూ కథ మీద మాట్లాడే బృందం) ముసలివాళ్లకు మట్టి రంగులు, చేతికర్రలు. రాజు ట్రాయ్ నుంచి బందీగా తెచ్చిన జోస్యగత్తె కసాండ్రా తన చేతికర్రనూ మెడలోని దండలనూ పీకి పారేస్తుంది కాబట్టి దండలను ఒక్క లాగుకు ఊడే ముడితో కట్టండి.

మాస్కులు అప్పట్లో తల మొత్తాన్ని కప్పేవి, జుట్టుతో సహా. మీరు కోరస్‌కి మాత్రమే పెట్టండి, అదీ నోరు పూర్తిగా తెరిచి ఉన్నవి. రేపటి నుంచే ఉత్త అట్టవైనా పెట్టుకుని రిహార్సల్ చేయాలి. లోపల సొంత గొంతే చెవిలో మోగుతుంటే మొదట్లో అందరూ మెల్లగా మాట్లాడేస్తారు.

జవాబు 3

ఒక్క మాట. గుడ్డ కొనేముందు చిన్న ముక్క తెచ్చి మీ లైట్ల కింద చూడండి. నీలం లైటు పడితే ముదురు ఎరుపు నల్లగా కనిపిస్తుంది, మాకు అదే జరిగింది. ఇంకోటి, రాణి రాజును స్నానాల తొట్టి దగ్గర వల లాంటి వస్త్రంలో చుట్టి చంపుతుంది కదా, ఆ వస్త్రాన్ని కూడా ఈ బట్టతోనే కుట్టండి. మాటల్లో చెప్పక్కర్లేదు, చూసేవాళ్లకు అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ పాత కర్టెన్ ఒకటి దొర్లించి, చెప్పులు విప్పే సీన్ చేసి చూశాం. గుడ్డ దగ్గరికి వస్తుంటే కోరస్ వాళ్లు ఎవరూ చెప్పకుండానే రెండడుగులు వెనక్కి జరిగారు. స్తంభాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.