వేర్‌లో షరతులు పెట్టినా బాకీ లేనివారు జాబితాలోకి వస్తున్నారు

మెస్సులెక్కలు, బెంగళూరు:
నమస్కారమండీ. మారతహళ్లిలో మా బావగారు నడిపే ఆంధ్రా మెస్సుకు నెలవారీ క్యారేజీల లెక్కలను నేను మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తుంటాను. మారతహళ్లి, బెల్లందూరు ఖాతాదారులలో రూ.500కు మించి బాకీ ఉన్నవారి కోసం ఇలా రాశాను (వేర్ అంటే ఏ వరుసలు కావాలో చెప్పే షరతు, ఆర్ అంటే 'లేదా', ఆండ్ అంటే 'మరియు'):

వేర్ ప్రాంతం = 'మారతహళ్లి' ఆర్ ప్రాంతం = 'బెల్లందూరు' ఆండ్ బాకీ > 500

బెల్లందూరు వరుసలు సరిగానే వచ్చాయి గాని, మారతహళ్లివారు మాత్రం పైసా బాకీ లేనివారితో సహా అందరూ వచ్చేశారు. ఆ జాబితా పట్టుకొని బావగారు, డబ్బు ఎప్పుడో కట్టేసిన ఒక పెద్దాయనకు ఫోను చేసి చివాట్లు తిన్నారు. పొరపాటు ఎక్కడుంది?

పాతకాపు:
కూడిక కంటే గుణకారం ముందు జరిగినట్లే, ఆర్ కంటే ఆండ్ ముందు జరుగుతుందండీ. కాబట్టి బాకీ షరతు బెల్లందూరుకే అతుక్కుపోయింది. రెండు ప్రాంతాలనూ కలిపి బ్రాకెట్లలో పెట్టండి. లేదా ఇలా రాయండి, నాకైతే ఇదే చదవడానికి హాయి:

వేర్ ప్రాంతం ఇన్ ('మారతహళ్లి', 'బెల్లందూరు') ఆండ్ బాకీ > 500

మెస్సులెక్కలు:
కుదిరిందండీ, ధన్యవాదాలు. ఇంకొక చిక్కు ఉంది. మొత్తం ఖాతాదారులు 84 మంది. ప్రాంతం = 'మారతహళ్లి' అంటే 51, ప్రాంతం <> 'మారతహళ్లి' (మారతహళ్లి కానివి) అంటే 27 వస్తున్నాయి. మిగిలిన ఆరుగురు ఏమయ్యారు?

డేటాబేస్‌రాజు:
ఆ ఆరుగురి ప్రాంతం గడిలో నల్ ఉండి ఉంటుంది. నల్ అంటే సున్నా కాదు, ఒక్క అక్షరమూ లేని ఖాళీ స్ట్రింగూ కాదు (ఒరాకిల్ అనే మరో డేటాబేస్ మాత్రం ఖాళీ స్ట్రింగునూ నల్‌గానే లెక్కగడుతుంది, అది వేరే తలనొప్పి). విలువ తెలియదని అర్థం. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు అవునూ కాదు, కాదూ కాదు, 'తెలియదు' అనే వస్తుంది. వేర్ మాత్రం 'అవును' అని తేలిన వరుసలనే ఉంచుకుంటుంది. అందుకే ప్రాంతం = నల్ అని వెతికినా ఒక్క వరుస కూడా దొరకదు. ఇలా అడగాలి:

వేర్ (ప్రాంతం <> 'మారతహళ్లి' ఆర్ ప్రాంతం ఈజ్ నల్) ఆండ్ బాకీ > 500

ఇక్కడా బ్రాకెట్లు మరువకండి. 'ఈ జాబితాలో లేనివి' అని అడిగే నాట్ ఇన్ వాడేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఫలితం మొత్తం ఖాళీగా వస్తుంది, ఎర్రర్ కూడా చూపదు. సబ్‌క్వెరీ (ప్రశ్నలోపలి ప్రశ్న) ఉన్నచోట నేను దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ ('అలాంటి వరుస లేకపోతే' అని అడిగేది) వాడతాను.

మెస్సులెక్కలు:
నిజమేనండీ. ఆ ఆరుగురూ కౌంటరు దగ్గరికే వచ్చి క్యారేజీ పట్టుకెళ్లేవారు, కాబట్టి ప్రాంతం ఎవరూ అడగలేదు. వారిలో ఇద్దరి బాకీ రూ.500 దాటింది.