క్యాప్‌గ్రాలో మిర్టజాపిన్ ఒక్కటే సరిపోతుందా?

పీజీ సైకియాట్రీ, రెండో ఏడాది:
సీనియర్లకు నమస్కారం. 68 ఏళ్ల ఆవిడ. "ఈయన మా ఆయన కాదు, అచ్చం ఆయనలా ఉన్న ఎవరో" అంటున్నారు. దగ్గరివాళ్ల స్థానంలో వేరేవాళ్లు వచ్చారనుకునే క్యాప్‌గ్రా భ్రమలా ఉంది. ఫోన్‌లో గొంతు వింటే మాత్రం గుర్తుపడుతున్నారు. నిద్ర లేదు, తిండి తగ్గింది, తెల్లవారుజామున ఏడుపు. యాంటీసైకోటిక్ (భ్రమలు తగ్గించే మందు) లేకుండా మిర్టజాపిన్ అనే యాంటీడిప్రెసెంట్‌తో (దిగులు తగ్గించే మందు) మొదలుపెట్టవచ్చా?

వృద్ధుల మానసిక వైద్యం:
ముందు కారణం తేల్చండి డాక్టర్. ఈ వయసులో కొత్తగా వచ్చిందంటే సోడియం, షుగర్, థైరాయిడ్, బి12, మూత్ర పరీక్ష, మెదడు ఎంఆర్ఐ చూడాల్సిందే. ఒక పూట తెలివిగా, ఒక పూట అయోమయంగా ఉన్నా, లేని మనుషులు కనిపిస్తున్నా, నడక బిగుసుకున్నా లూయీ బాడీ డిమెన్షియాను (ఒక రకం మతిమరుపు జబ్బు) అనుమానించండి. అదైతే హాలోపెరిడాల్ అనే యాంటీసైకోటిక్ జోలికి వెళ్లొద్దు. ఒళ్లు కొయ్యబారి ప్రాణం మీదకు వస్తుంది. డిమెన్షియాకు వాడే రివాస్టిగ్మిన్ గురించి ఆలోచించాలి.

క్లినికల్ ఫార్మకాలజీ:
మిర్టజాపిన్‌తో క్యాప్‌గ్రా తగ్గిన కేసు రిపోర్టు ఉంది గానీ, ఒక్క కేసును నమ్ముకుని దాన్నే మొదటి మందు అనలేం. దిగులే మూలమని తేలితే వాడవచ్చు: రాత్రి 7.5 మి.గ్రా., అంటే 15 మి.గ్రా. బిళ్లలో సగం. వారం పదిరోజులకు 15 మి.గ్రా. మత్తు తక్కువ మోతాదులోనే ఎక్కువ కాబట్టి రాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు పక్కన మనిషి ఉండాలి. రెండు వారాలకు సోడియం మళ్లీ చూడండి. అది పడిపోతే అయోమయం పెరుగుతుంది. భ్రమే ముదిరిందనుకుని మోతాదు పెంచితే సోడియం ఇంకా దిగజారవచ్చు. జ్వరం, గొంతునొప్పి వస్తే రక్తంలో తెల్లకణాల లెక్క చూడండి. గతంలో మేనియా (అతి ఉత్సాహం, ఉద్రేకం) వచ్చిందా అన్నది తప్పక అడగండి.

దిగులుతోపాటు భ్రమ బలంగా ఉంటే యాంటీడిప్రెసెంట్ ఒక్కటే చాలదు, యాంటీసైకోటిక్ కలపాలి. 2009లో వచ్చిన ట్రయల్‌లో ఓలాన్‌జాపిన్ అనే యాంటీసైకోటిక్ ఒక్కదానికన్నా, దానికి సెర్ట్రలిన్ అనే యాంటీడిప్రెసెంట్ కలిపినప్పుడే ఎక్కువమంది కోలుకున్నారు, పెద్దవాళ్లతో సహా. తిండీ నీళ్లూ మానేస్తే ఈసీటీ (మత్తు ఇచ్చి మెదడుకు కరెంటు ఇచ్చే చికిత్స) ఆలస్యం చేయొద్దు.

సైకియాట్రిక్ సోషల్ వర్క్:
ఆవిడ భర్త భద్రత సంగతి ఎవరూ రాయలేదు. "ఆ మనిషిని ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?" అని ఆవిడను నేరుగా అడగండి. కత్తిపీట, పురుగుమందు తీసి దాచేయమనండి. ఆయన వాదించకూడదు, ఆధార్ కార్డులూ పెళ్లి ఫోటోలూ చూపించి రుజువు చేయబోకూడదు. గొంతు గుర్తుపడుతున్నారు కాబట్టి గదిలోకి వచ్చేముందే బయట నుంచి మాట్లాడుతూ రమ్మనండి. మాత్ర మాత్రం ఆయన చేత ఇప్పించొద్దు. వేరే మనిషి అనుకున్నవాడి చేతి మాత్ర ఎవరు మింగుతారు? కూతురో, ఆవిడ నమ్మే ఇంకెవరో ఇవ్వాలి. మింగినట్టు నటిస్తున్నారేమో అనుమానముంటే నోట్లో కరిగే రకం రాయండి.