శాసనం చివరి శాపం, గుడి ముందు ప్రమాణం: ఇవి న్యాయమా, భయమా?

ఓరుగల్లు చరిత్రాభిమాని: దక్కను సుల్తానుల కాలపు కొన్ని దానశాసనాల చివర, దానానికి అడ్డుపడిన హిందువుకు కాశీలో గోవును చంపిన పాపమూ, ముసల్మానుకు పందిమాంసం తిన్న దోషమూ తగులుతాయని రాసి ఉంటుంది. అంతకు ముందటి తెలుగు శాసనాల్లోనూ ‘గంగ కఱుత కపిలను చంపిన పాపాన పోదురు’ (గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపం తగులుతుంది) అన్న ధోరణి మామూలే. 1687లో మొగలుల చేతికి పోయేదాకా ఓరుగల్లు గోల్కొండ ఏలుబడిలోనే ఉంది కనుక, ఇక్కడి రైతూ వర్తకుడూ ఈ రెండు రకాల భాషనూ ఎరిగినవారే. ఎవరి దేవుడి మీద వారి చేత ఒట్టు వేయించే ఈ పద్ధతి నిజంగా ఒప్పందాలను నిలబెట్టిందా, లేక రాజభటుడు చేరలేని చోట వాడిన బెదిరింపు మాత్రమేనా?

హనుమకొండ న్యాయవాది: బెదిరింపే, అదీ అందరికీ ఒకే తూకంలో కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ప్రకారం బ్రాహ్మణుడు సత్యం మీద, క్షత్రియుడు వాహనం, ఆయుధాల మీద, వైశ్యుడు గోవు, ధాన్యం, బంగారం మీద ప్రమాణం చేస్తే చాలు. శూద్రుడికి మాత్రం సకల పాతకాలనూ తలకెత్తారు. వర్ణాన్ని బట్టి ఒట్టు మారడాన్ని ఔదార్యమని మురిసిపోయేవారు ఈ చివరి మాటను కూడా చదవాలి. స్త్రీల విషయంలో, పెళ్లిళ్లలో, పశువుల మేత కోసం, వంటచెరకు కోసం, బ్రాహ్మణుడి రక్షణ కోసం అబద్ధపు ఒట్టు వేసినా పాపం లేదన్న శ్లోకం దానికి ముందే ఉంది.

శాసనపాఠకుడు: న్యాయవాది గారూ, మీరు ఎత్తిచూపిన అసమానత నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే గ్రంథంలో ఉన్నదంతా పంచాయతీలో అమలైందని అనుకోవడానికి వీల్లేదు. యాజ్ఞవల్క్యుడు తన స్మృతిలో చెప్పిన అయిదు దివ్యాలలో, అంటే దోషమో నిర్దోషమో తేల్చే దైవపరీక్షలలో, త్రాసు, అగ్ని, నీరు, విషంతోపాటు కోశం కూడా ఉంది. దేవుడిని అభిషేకించిన నీటిని మూడు దోసిళ్లు తాగినవాడికి పద్నాలుగు రోజుల్లోగా రాజు వల్ల గానీ దైవం వల్ల గానీ ఘోరమైన ఆపద కలగకపోతే అతడు నిర్దోషి. పదమూడో శతాబ్దంలోనే కవి కేతన ఆ స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను తెలుగులోకి తెచ్చాడు కనుక, ఈ సంగతులు సంస్కృత పండితులతోనే ఆగిపోలేదు. ఈ నియమంలో నన్ను ఆకర్షించేది దైవభయం కన్నా గడువు: సాక్షులూ పత్రాలూ లేని అప్పు తగాదాలో, ఊరు రెండుగా చీలి కొట్టుకోకుండా తీర్పును రెండు వారాలు వాయిదా వేసి, అందరి కళ్లనూ ఒక మనిషి మీద నిలపడం చాలా తెలివైన ఏర్పాటు.

ఇంగ్లీషు ఏలుబడిలోని ప్రాంతాల్లో 1840 చట్టం గంగాజలం, ఖురాన్ మీద ప్రమాణాలను తీసివేసినా, 1873 ప్రమాణాల చట్టం వాటికి మరో దారి తెరిచింది. ఎదుటివాడు ఫలానా ప్రమాణం చేస్తే తాను కట్టుబడతానని కక్షిదారు స్వయంగా ఒప్పుకుంటే, ఆ సాక్ష్యమే అలా ఒప్పుకున్నవాడి మీద తిరుగులేనిది. మన నిజాం రాజ్యానికి ఈ చట్టం వర్తించకపోయినా, దొరల కోర్టులే వదులుకోలేని సాధనాన్ని ఉత్త బెదిరింపు అనడం తొందరపాటు అవుతుంది.

హనుమకొండ న్యాయవాది: దాని స్థానంలో వచ్చిన 1969 ప్రమాణాల చట్టంలో ఆ వెసులుబాటు లేదని కూడా చెప్పండి. నా ప్రశ్న వేరే: ఆ నీళ్లు ఎవరి చేత తాగించారు? అప్పు ఇచ్చినవాడి చేతనా, తీసుకున్నవాడి చేతనా? పద్నాలుగు రోజుల్లో జ్వరం రావడానికి చాలీచాలని తిండి చాలు, దానికి దేవుడి జోక్యం అక్కరలేదు.

శాసనపాఠకుడు: ఆ అభ్యంతరం బలమైనదే, అయితే అది కోశదివ్యానికి తగులుతుంది గానీ శాసనాల శాపానికి తగలదు. దానశాసనంలోని శాపం పేదవాడిని ఉద్దేశించింది కాదు. దానమిచ్చిన భూమిని లాక్కోగలిగేవాడు తర్వాత వచ్చే రాజు, దేశ్‌ముఖ్, హవల్దారు వంటి అధికారి. వారిని నిలదీసే న్యాయస్థానం లేని కాలంలో, ఎంతటి బలవంతుడైనా తన మతం ముందు దోషిగా నిలబడాలని వారి మీద రాసిన వాక్యం అది.

ఓరుగల్లు చరిత్రాభిమాని: అలాగైతే శాపాన్నీ ప్రమాణాన్నీ నేను ఒకే గాటన కట్టకుండా ఉండాల్సింది. మొదటిది పైవాడిని ఆపడానికి రాసింది, రెండోది ఎక్కువగా కిందివాడి చేత చేయించింది. శాపం ఉన్నా ఎన్ని దానభూములు చేతులు మారాయన్నది గ్రామగ్రామానా ఇనాం (దానభూముల) లెక్కలతో సరిచూస్తేనే మొదటిదాని విలువ తేలుతుంది.