‘తేల్చి చెప్పడం’, ‘తెగేసి చెప్పడం’ ఒకటేనా?

కొత్తగా బృందాల బాధ్యత తీసుకున్నవారి కోసం మా కార్యాలయంలో చిన్న కరదీపిక రాస్తున్నాను. కింద పనిచేసేవారికి తడబడకుండా, అలాగని గద్దించకుండా నిర్ణయం చెప్పడం గురించిన అధ్యాయానికి పేరు కావాలి. ‘దృఢ వైఖరి’ అంటే పత్రికా ప్రకటనలా ఉంది. ‘కఠినంగా వ్యవహరించడం’ అంటే చదవకముందే హడలిపోతారు. ‘తెగేసి చెప్పడం’ ఎలా ఉంటుందండీ?

— వద్దండీ. తెగేసి చెబితే సందేహంతో పాటు సంభాషణా తెగిపోతుంది. తెగువ, తెగింపు ఆ ‘తెగు’ నుంచి వచ్చినవే. ధైర్యం ఉంది, నిజమే, ఎదుటివారి మాట విన్న జాడే లేదు. ‘తేల్చి చెప్పడం’ చూడండి. లెక్క తేలుస్తాం, తగవు తేలుస్తాం, నిగ్గు తేలుస్తాం. అన్నిటా ముందు వెతకాలి, వినాలి. ఆ తర్వాతే మాట.

— ‘నిష్కర్షగా’ అనవచ్చు కదా? దానికీ ‘బయటికి లాగడం’ అనే అర్థమే మూలం.

— రాతలో బాగుంటుంది. సెలవు ఇవ్వడం కుదరదని చెప్పవలసిన మనిషికి నోట పలికే మాట కావాలి.

— నాకు ధాతువు కన్నా క్రియారూపం మీదే పట్టింపు. మా పాత అధికారి ఒకరు చాలా మంచివారు, మొహమాటస్థులు. ఒకే పనిని ఇద్దరం కోరుకున్నాం. మొదటి వారం ‘చూద్దాం’ అన్నారు. రెండో వారం ‘పైవాళ్లతో మాట్లాడాలి’. మూడో వారం ‘త్వరలోనే తేలుతుందిలే’. అక్కడ నాకు ఒళ్లు మండింది. నీళ్లలో కట్టెలా దానంతట అదే తేలుతుందా? ‘తేలు’ అకర్మకం, ‘తేల్చు’ సకర్మకం. తేల్చడానికి కర్త కావాలి, ఆ కర్త ఆయనే. ‘చూద్దాం’ కూడా అంతే: చూడవలసింది ఆయన ఒక్కరే, క్రియలో మాత్రం మమ్మల్నీ కలుపుకున్నారు! చివరికి ఆ పని రెండో ఆవిడకు వెళ్లింది. రాలేదన్న బాధ రెండు రోజుల్లో పోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరిగిన ఆ నెల మాత్రం ఇంకా గుర్తుంది.

— ‘నాను, నాన్చు’ కూడా అలాంటి జంటే. ఆయన నాన్చుతున్నారని మనం అంటాం. ఆయనను అడిగితే విషయం నానుతోందంటారు.

— మొహమాటం పాత రూపం ‘మొగమోటం’. ఎలా చూసినా అందులో మొహం ఉంది. ఎదురుగా ‘లేదు’ అనలేక, రాత్రి పదింటికి సందేశం పంపి ఫోను కట్టేసేవారిని మీ కరదీపికలో దృఢచిత్తుల జాబితాలో వేయకండి.

— అందరికీ ధన్యవాదాలు. శీర్షిక ‘తేల్చి చెప్పడం’. నా చిత్తుప్రతిలో ‘మీ అభ్యర్థనపై త్వరలో నిర్ణయం తీసుకోబడుతుంది’ అనే నమూనా వాక్యం ఉంది. సిగ్గుపడి కొట్టేశాను. ‘శుక్రవారం లోగా తేల్చి, కారణంతో సహా నేనే చెబుతాను’ అని మార్చాను.

— ‘శుక్రవారంలోగా’ కలిపి రాయండి.