అప్‌డేట్: ఆ బొమ్మలో కవయిత్రి ముఖం ఎందుకు చూపించలేదు?

జపాన్‌లో ఒకప్పుడు సతాకె అనే వంశం దగ్గరున్న, పాతకాలపు కవుల బొమ్మలూ పద్యాలూ ఉన్న పొడవాటి కాగితపు చుట్టలో కవయిత్రి ఒనో నో కొమాచి మనకు వీపు పెట్టి ఎందుకు కూర్చుందని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఆ తర్వాత ఇంకొంత చదివాను.

13వ శతాబ్దపు ఆ చుట్టలో 36 మంది కవులుంటే స్త్రీలు ఐదుగురే. కొమాచి జుట్టు వీపు మీదుగా నేల దాకా జారి ఉంటుంది, చుట్టూ పొరలు పొరలుగా రంగుల బట్టలు. ఆమె అందాన్ని గీయడం ఎవరి తరమూ కాదని ముఖాన్ని చూసేవాళ్ల ఊహకే వదిలేశారని అంటారు. ఈ వివరణ నాకు పూర్తిగా నచ్చలేదు. పైకి రంగు తెలియకుండానే వాడిపోయేది మనిషి మనసనే పువ్వు అని పక్కనే ఆమె పద్యం ఉంది. అంత మాట అన్న మనిషిని అందంతోనే గుర్తుపెట్టుకోవడం అన్యాయం.

ఆ ఐదుగురిలో మరో కవయిత్రి సైగూ నో న్యోగో రాచకుటుంబీకురాలు కాబట్టి ఆమెను తెర చాటున గీశారు. 1919లో చుట్టను కోసి, చీటీలు వేసి అమ్మినప్పుడు కవయిత్రుల బొమ్మలకే ఎక్కువ ధర పెట్టారు. న్యోగో బొమ్మది అన్నిటికన్నా ఎక్కువ, 40,000 యెన్‌లు!

నాకు బాగా నచ్చింది మాత్రం 1801లో ఎయిషి అనే జపాన్ చిత్రకారుడి బొమ్మలతో వచ్చిన పుస్తకం. అందులో ఉన్న 36 మంది కవులూ స్త్రీలే. పద్యాలను అందంగా రాసింది కూడా ఒక రాతబడిలో నేర్చుకుంటున్న ఆడపిల్లలే. దాని పేజీలు స్పష్టంగా ఎక్కడ చూడొచ్చో తెలిస్తే చెప్పండి.