ఐ7-1255యు: అరనిమిషం తర్వాత స్పీడ్ సగానికి పైగా పడిపోతోంది, పీస్‌లో లోపమా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ7-1255యు ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. 10 కోర్లు, 4.7 గిగాహెర్ట్జ్ అని చూసి వీడియో ఎడిటింగ్‌కి సరిపోతుందనుకుని కొన్నాను. తీరా చూస్తే ఎక్స్‌పోర్ట్ పెట్టిన మొదటి అరనిమిషం బాగానే పరిగెడుతుంది, ఆ తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ 2 గిగాహెర్ట్జ్ దగ్గరికి దిగిపోయి పని అయ్యేదాకా అక్కడే ఉండిపోతోంది. మా ఫ్రెండ్‌ది ఐ5-1240పి, అదే ప్రాజెక్ట్ వాడి దాంట్లో నాకంటే ముందే అయిపోతోంది. ఐ5 ముందు ఐ7 వెనకబడటం ఏంటి? రిటర్న్ గడువు దాటిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

లోపం కాకపోవచ్చండీ. ఐ7, ఐ5 అన్నది పక్కన పెట్టి నంబర్ చివరి అక్షరం చూడండి. మీ యు చిప్ బేస్ పవర్ 15 వాట్లు, మీ ఫ్రెండ్ పి చిప్‌ది 28 వాట్లు. టర్బోలో, అంటే కొద్దిసేపు వేగం పెంచుకునేటప్పుడు, మీది కూడా 55 వాట్ల దాకా లాగగలదు, కానీ ఎంతసేపు లాగాలో ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్లు నిర్ణయిస్తారు, చాలా మోడళ్లలో అది 28 సెకన్లు. మీరు చూసిన అరనిమిషం అదే. ఆ 4.7 కూడా పెద్ద కోర్లకు కొద్దిసేపు అందే స్పీడే తప్ప, పదింటికీ కలిపి ఎప్పుడూ ఉండేది కాదు.

పైగా మీ 10 కోర్లలో పెర్ఫార్మెన్స్ కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ కరెంటు తక్కువ తాగే చిన్న కోర్లు, మొత్తం 12 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు). 1240పిలో పెద్దవి నాలుగు, చిన్నవి ఎనిమిది, 16 థ్రెడ్లు. ఎక్స్‌పోర్ట్ లాంటి పొడుగు పనిలో అది గెలవడంలో వింతేం లేదు. ఐ7 అని పెద్దగా వేసే స్టిక్కర్ మీద వాట్లు కూడా వేయాలని నేను గట్టిగా కోరుకుంటాను, కొనేవాళ్లకి అసలు కావాల్సింది ఆ అంకె.

జవాబు 2

పై అన్న చెప్పింది నిజమే, కానీ వేడి సంగతి తేల్చకుండా లోపం లేదనేయకండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (చిప్ వేడి, వాట్లు చూపించే యాప్) పెట్టుకుని ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా రెండు లైన్లు చూడండి. పవర్ లిమిట్ ఎక్సీడెడ్ దగ్గర యెస్ అని ఉంటే వాట్ల పరిమితి, థర్మల్ థ్రాట్లింగ్ దగ్గర యెస్ ఉంటే వేడి. ఈ చిప్ హద్దు 100 డిగ్రీలు. 15 వాట్లకే అక్కడిదాకా పోతుంటే మాత్రం ఫ్యాన్ గానీ థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి పంపడానికి పూసే పదార్థం) గానీ సరిగా లేనట్టే, వెంటనే రిటర్న్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

చూశానండీ. మొదట 40 వాట్ల పైన ఉండి, తర్వాత సరిగ్గా 15 దగ్గర ఆగింది. వేడి 72 దాటలేదు, థర్మల్ దగ్గర నో అనే ఉంది. కంపెనీ యాప్‌లో సైలెంట్ మోడ్ ఆన్‌లో ఉంది, పెర్ఫార్మెన్స్‌కి మారిస్తే 20 వాట్లు నిలకడగా ఇస్తోంది, స్పీడ్ కూడా కాస్త పెరిగింది. ఇంకోటి, డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేరు యూహెచ్‌డీ అని వస్తోంది, స్పెసిఫికేషన్‌లో ఐరిస్ ఎక్స్ఈ అని ఉంది కదా?

జవాబు 3

16 జీబీ ఒకే స్టిక్‌గా ఉంది కదూ? ఈ చిప్‌లో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది, అందుకే ర్యామ్ డ్యూయల్ చానల్‌లో, అంటే రెండు దారుల్లో కలిసి పనిచేస్తుంటేనే ఐరిస్ ఎక్స్ఈ అని చూపిస్తుంది, సింగిల్ అయితే యూహెచ్‌డీ అంటుంది. ఖాళీ స్లాట్ ఉంటే అదే సైజు, అదే స్పీడ్ స్టిక్ ఇంకోటి వేయండి, ప్రీవ్యూలో తేడా కంటికి తెలుస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ కూడా ఆన్ చేయండి, క్విక్ సింక్ (చిప్‌లోనే వీడియో ఎన్‌కోడింగ్ కోసం ఉన్న భాగం) ఆ పని మీదేసుకుంటే కోర్ల మీద భారం బాగా తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

అవునండీ, ఒకటే స్టిక్, పక్కన స్లాట్ ఖాళీగా ఉంది. హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఇప్పుడే ఆన్ చేశాను, ఇందాకటి ఫైలే దాదాపు సగం టైమ్‌లో అయిపోయింది. రిటర్న్ పెట్టట్లేదు, స్టిక్ వేశాక మళ్లీ రాస్తాను.