సమస్య: కొట్టకున్న వాడె గొప్ప జోదు

ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, విషయం బాక్సర్ ముహమ్మద్ అలీ. జోదు అంటే యోధుడు. షరతు ఒక్కటే, ఆయన కెరీర్ ఇంకోలా సాగి ఉంటే అన్న ఊహ పద్యంలో కనబడాలి. 1967 మార్చిలో జోరా ఫోలీని ఓడించాడు, ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేరనన్నాడు, చాంపియన్ పట్టం, బాక్సింగ్ లైసెన్సు రెండూ పోయాయి. మళ్లీ రింగెక్కింది 1970 అక్టోబర్‌లో, అట్లాంటాలో. పాతికేళ్ల నుంచి ఇరవై ఎనిమిది దాకా, బాక్సర్‌కి బంగారం లాంటి వయసంతా కోర్టులకే పోయింది.

మొదటి పూరణ

కూలు ఫోర్మ నెదుట కుడిచేయి బిగియించి
ఆగె నలియె చూడు మదియె ఘనత
పడెడు వాని నింక పైబడి దెబ్బతో
కొట్టకున్న వాడె గొప్ప జోదు

– 1974 కిన్షాసాలో జార్జ్ ఫోర్మన్‌తో పోటీ, ఎనిమిదో రౌండు! ఫోర్మన్ తూలి పడిపోతుంటే బిగించిన కుడిచేతిని అలీ వదల్లేదు, ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. అలీని అలి చేశారు, పేరు కాబట్టి సరే. కానీ మాస్టారూ, ఇది జరిగిన కథే కదా, ఊహ ఎక్కడ?

రెండో పూరణ

సైన్య మందు జేరి సరదాకు పోట్లాడి
పట్ట ముంచు కొన్న పరువు లేదు
తగవు లేని వాని మీద దండెత్తి
కొట్టకున్న వాడె గొప్ప జోదు

– తమ్ముడూ, భావం చాలా బాగుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అప్పటి చాంపియన్ జో లూయిస్ సైనికుల ముందు ప్రదర్శన పోటీలు ఆడాడు, అలీ ఒప్పుకుని ఉంటే ఆయనకూ అలాంటి పనే ఇచ్చేవారేమో, పట్టం పోయేది కాదు. మూడో పాదం మాత్రం కుంటుపడింది, చివర ఇంద్రగణం (మూడు నాలుగు అక్షరాల గణం) ఉండాల్సిన చోట గలం (గురువు, లఘువు రెండే) పడింది, యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) తప్పింది. "తగవు లేని వాని దండెత్తి వేటాడి" అంటే రెండూ సరిపోతాయి.

మూడో పూరణ

కాలు సత్తువున్న కాలమే పోయెను
దాని వల్ల దెబ్బ తాళ వలసె
అప్పుడాడి యున్న నన్యులెవ్వరు గూడ
కొట్టకున్న వాడె గొప్ప జోదు

– నాకు బాగా నచ్చింది ఇదేనండీ. కొట్టనివాడు అనే అర్థాన్ని ఎవరూ కొట్టలేకపోయినవాడిగా తిప్పేశారు. 1966లో క్లీవ్‌లండ్ విలియమ్స్‌తో పోటీ చూడండి, ఆ కాళ్లు నేల మీద ఆగవు. తిరిగొచ్చాక ఆ కాళ్లు లేవు, తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకోవడం నేర్చుకున్నాడు, మనీలాలో ఫ్రేజియర్‌తో పద్నాలుగు రౌండ్లు, 1980లో హోమ్స్ చేతిలో ఆ దెబ్బలు, 1984లో పార్కిన్సన్స్ అని తేలింది. ఆ మూడున్నరేళ్లు ఆడి ఉంటే రికార్డు ఎలా ఉండేదో గానీ, అన్ని దెబ్బలు తినడం మాత్రం నేర్చుకోవాల్సి వచ్చేది కాదని నా నమ్మకం.

– ఒప్పుకోను గురువుగారూ. కాళ్లు అంత చురుగ్గా ఉన్న 1963లోనే లండన్‌లో హెన్రీ కూపర్ ఎడమ హుక్‌తో ఆయన్ని పడగొట్టాడు. ఫ్రేజియర్ ఆయుధమూ అదే. "ఎవ్వరు గూడ" అంటే అతిశయోక్తే. పైగా "వలసె" తర్వాత అచ్చు రావడంతో విసంధి, అంటే సంధి కలపకుండా వదిలేసిన దోషం.

– రెండూ న్యాయమైన మాటలే, నా పూరణ మూడో పాదం మారుస్తున్నాను:

నప్పుడాడి యున్న నన్యులంతగ వచ్చి
కొట్టకున్న వాడె గొప్ప జోదు

– ఇప్పుడు కుదిరింది. ఎవరైనా ఇదే ఊహను కందంలో ప్రయత్నిస్తారా? పాదం కొంచెం మార్చి ఇస్తాను.